మైలవరం నీళ్లు

ప్రొద్దుటూరు బస్టాండులో పల్లెవెలుగు బస్సు కిటికీ పక్కన భార్య కూర్చుంది. కింద భర్త నిలబడ్డాడు.

"చెప్పకుండా యాడికి పోతాండావే?"

"మైలవరానికి. డ్యామ్ గేట్లు ఎత్తినారంట."

"నీళ్లు చూసేదానికి అంత దూరమా?"

"నువ్వు ఏటా పోలేదా? నేనూ వస్తానంటే, 'ఇద్దరికీ చార్జీలు దండగ, నేను చూసొచ్చి చెప్తాలే' అంటాంటివి."

"శానా బాగా చెప్పినా గదా!"

"చెప్పినావులే. ఇప్పుడు ఆడోళ్లకు బస్సు ఫ్రీ. ఆధార్ కార్డు చూపిస్తే సాలు."

"ఉండు, నేనూ వస్తా."

"నీకు చార్జీ దండగప్పా. నేను చూసొచ్చి చెప్తాలే."

డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. ఆమె నవ్వుతూ పక్క సీటు మీది సంచిని ఒళ్లోకి తీసుకుంది.

"ఎక్కు. నీ టికెట్టు నేను తీస్తా. ఇన్నేండ్లు నువ్వు చెప్పినదాంట్లో నిజమెంతో చూద్దాం."