సైకిలు బాజీ నేల దిగిన రోజు

బాజీ అని సైకిలు తొక్కేవాడొకడు మా ఊరొచ్చాడంట. మామూలు తొక్కుడు కాదు. చావడి ముందర సున్నంతో గుండ్రంగా గీత గీసుకుని, ఆ గీత మీద ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ తిరుగుతానే ఉంటాడు. తిండి సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే, కునుకు కూడా హ్యాండిలు మీద తల ఆనించి తీసేవాడంట, సైకిలు మాత్రం ఆగదు. ఏడు రోజులయ్యేదాకా కాలు నేలకి తగలకూడదు, అదీ పందెం. తగిలిందా, పరువు పోయినట్టే. ఆ కబురు వాడికంటే ముందు పక్కూరు పోద్ది, ఇక ఏ ఊరోళ్ళూ వాణ్ణి పిలవరు. వాడికీ, వాడి పెళ్ళాం మీరాబీకీ అదొక్కటే బతుకుతెరువు. ఇది మనసులో పెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తది.

ఏమైందంటే, ఆరో రోజు పొద్దున ఒక మేకపిల్ల చెంగున గీతలోకి దూకింది. దాన్ని తప్పించబోయి బాజీ హ్యాండిలు తిప్పాడు. ముందు చక్రం రాయికి కొట్టుకుని అప్పడంలా వంగిపోయింది, వాడు సైకిలుతో సహా ఎగిరి పక్కనున్న ఆదెమ్మవ్వ గడ్డివాము మీద పడ్డాడు. ఎడమకాలు సైకిలు రాడ్డులో ఇరుక్కుని మోకాలి దగ్గర టక్కుమంది. జనం పరిగెత్తుకొచ్చి దించబోతే, ఆ నొప్పిలో కూడా వాడు, "దించొద్దయ్యా, మీకు దండం పెడతా, ఇంకా నేల తగల్లేదు" అన్నాడంట. చూశారా, కాలు విరిగినోడు కాలు సంగతి అడగలా, నేల సంగతి అడిగాడు. పెద్దకాపు చెంచిరెడ్డి వచ్చి, పడ్డవాడు పడ్డట్టే, పందెం అయిపోయింది పొమ్మన్నాడు. ఆదెమ్మవ్వ ఆయనకి మేనత్త వరస, ఊరుకుంటుందా? "ఒరే చెంచీ, వాడు పడింది నా గడ్డి మీదరా. నా వాము నీకు నేలలాగా కనపడితే ఈ ఏడు దాంట్లో జొన్నలు చల్లుకో, ఎన్ని బస్తాలు పండుతయ్యో చూద్దాం" అంది. జనం గొల్లుమన్నారు. చెంచిరెడ్డి మీసం కింద నవ్వు దాచుకుని, సరే, కాలు నేలకి తగలకుండా ఉండి, బాగయ్యాక ఆ మిగతా రెండు రోజులూ తొక్కితే ఒప్పుకుంటాం, ఈ లోపల తగిలిందా, ఆ రోజే ఊరు వదలాలి అన్నాడంట.

వాణ్ణి వాము మీద నుంచి అట్టాగే నులకమంచం మీదకి మార్చారు. ఎముకలు కట్టే నాసరయ్య కోడిగుడ్డు సొనా మినప్పిండీ పట్టించి, వెదురుబద్దలేసి కట్టు కట్టాడు. ఆదెమ్మవ్వ వసారాలో మంచం, మంచం మీద బాజీ, పక్కన వంగిపోయిన సైకిలు. వారాలు గడిచినయ్, నెలలు గడిచినయ్. మరి అవసరాలకెట్టా అని నవ్వుతున్నావు కదూ రాఘవమ్మా, మంచంతో సహా మోసేవాళ్ళంట, బల్ల మీదకి మార్చేవాళ్ళంట, అంతకు మించి అడగమాక. అట్టా పడుకున్నోడు ఊరికే ఉన్నాడా? పేటలో సంతకి పోయే ప్రతివాణ్ణీ పిలిచి, అన్నా, ఒక కొత్త రిమ్ము తెచ్చిపెట్టు అనేవాడు. ఇంకో వారం, బావా, ఒక తోలు సీటు. ఇంకో వారం డైనమో లైటు, ఆ పై వారం బెల్లు. ఊరూరా బహుమానంగా ఇచ్చిన ఇత్తడి గిన్నెలు ఒక్కొక్కటే అమ్మి తెప్పించుకునేవాడు. మీరాబీకి కడుపు మండిపోయింది. "ఏమయ్యా, నీ కాలికి కట్టిప్పలేదు, దానికి నగలు చేయిస్తున్నావా? నీ కాలు రాకపోతే ఆ బెల్లు నా మెళ్ళో కట్టి తోలతావా?" అందంట. వాడు బెల్లు ఒకసారి ట్రింగుమనిపించి, "బాగానే మోగుద్దిలే, నీ గొంతంత కాదుగానీ" అన్నాడంట. ఆఖర్న ఒకటి తెప్పించాడు, అది చూసి ఊరంతా నవ్వింది. బకిలు ఉన్న తోలుపట్టీ. అదీ ఒకటే. సైకిలుకి తోలుపట్టీ ఎందుకురా అంటే ఎవరికీ చెప్పలా. మీరూ ఆలోచించండి, తొందరేం లేదు.

కట్టు విప్పారు. ఎముక అతికింది గానీ మోకాలు వంగలా, రోకలి లాగా అట్టా ఉండిపోయింది. నాసరయ్య తల దించుకున్నాడు. మీరాబీ కొంగు నోట్లో కుక్కుకుంది. బాజీ మాత్రం, నన్ను సైకిలెక్కించండి అన్నాడంట. మంచాన్ని చావడి ముందుకి మోసుకొచ్చి, కొత్త సీటు మీద కూర్చోబెట్టి ఇద్దరు పట్టుకున్నారు. ఎడమకాలు ముందుకి చాపి వదిలేశాడు. కుడికాలు పెడలు మీద పెట్టి, ఆ పట్టీతో కాలినీ పెడలునీ కలిపి బిగించి కట్టేసుకున్నాడు. అప్పుడర్థమైంది జనానికి. కాలు కట్టేస్తే కిందకి తొక్కేదీ ఆ కాలే, పైకి లాగేదీ ఆ కాలే. ఎడమ మోకాలు ఇక వంగదని వాడికి వాము మీద పడ్డ రోజే తెలుసంట, పెళ్ళాం దగ్గర కూడా బయటపడలా. మీరాబీ హ్యాండిలు వదల్లేదు. "మరి పడబోతే కాలెట్టా తీస్తావయ్యా?" అంది. "తీయలేను మీరా. అందుకే పడను" అన్నాడు. ఆమె వదిలింది.

మొదటి చుట్టు తడబడింది. రెండో చుట్టు కుదురుకుంది. ఇక చూడు, ఆ ఒంటికాలు కవ్వం ఆడినట్టు ఆడతానే ఉందంట, పగలూ రాత్రీ. నాగళ్ళు కట్టలా, పొయ్యిలు వెలగలా. చంటిపిల్లలు కూడా గుడ్లప్పగించి చూశారంట. చెంచిరెడ్డి సాక్ష్యంగా కుర్చీ వేయించుకుని మొదట కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చీకటి పడేసరికి ఆ కాలు దించాడు. మర్నాడు మధ్యాహ్నానికి కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడంట.

పొద్దుగూకింది. చెంచిరెడ్డే ముందుకొచ్చి, "దిగు నాయనా, అయిపోయింది" అన్నాడు. పెద్దకాపు నోటెంట ఆ మాట వచ్చాక ఇంకే ఊరోళ్ళు కాదంటారు? మీరాబీ వంగి పట్టీ విప్పింది. చెరో పక్కా పట్టుకుని దించారు. అరికాలు మట్టికి ఆనగానే వాడు ఉలిక్కిపడ్డాడంట. కదలకుండా అట్టాగే నిలబడి, "నేల ఇంత వెచ్చగా ఉంటదా?" అన్నాడంట, మెల్లగా, ఎవర్నీ అడగనట్టు.

మనం రోజూ తొక్కే నేలే కదా. ఆ సాయంత్రం ఇళ్ళకి పోతా పోతా ఒక్కొక్కరే చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నారంట, ఎందుకో ఎవరూ ఎవరికీ చెప్పుకోలా. చెంచిరెడ్డి కూడా పట్టుకున్నాడంట. దారిలో ఆయన అరికాల్లో తుమ్మముల్లు దిగిందనీ, దాన్ని పీక్కుంటా కూడా ఎవర్నీ తిట్టలేదనీ మా నాయనమ్మ చెప్పేది. కథంతా నేను నమ్ముతాను గానీ, ఆ తిట్టలేదన్న ముక్క మాత్రం నమ్మను.