ఆమోసు కాక స్లాబు మరమ్మతు

వానలు మొదలయ్యే మిర్గం కార్తె నాలుగు రోజులుందనగా గోదావరిఖనిలో సొంత ఇల్లున్న ప్రతి మగవాడూ మేస్త్రీ అయిపోతాడు. నిచ్చెన వేసుకుని పైకెక్కుతాడు, పగులు చూస్తాడు, తలకాయ ఊపి దిగుతాడు. బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన ఆమోసు మాత్రం ఎక్కకుండానే పని ముగించాడట. ఆ సంగతి చెప్పడానికే ఆ సాయంత్రం రాజకుమారి చాయ్ బండి ముందు బెంచీలో సగం తానే ఆక్రమించి కూర్చున్నాడు.

రాజకుమారికి వినక తప్పలేదు. ఇంట్లో అత్త సారవ్వ తుంటి విరిగి మంచం పట్టింది. సరిగ్గా ఆ మంచం ఉన్న మూలనే స్లాబు కురుస్తోంది. మేస్త్రీ పది రోజులదాకా రానన్నాడు. ఆమోసేమో రేపే వచ్చి చేసిపెడతానంటున్నాడు. కోతలరాయుడని తెలియక కాదు, అవసరం ఎవరి మాటనైనా వినేలా చేస్తుంది.

“ముందుగాల్ల కట్టెతోటి స్లాబును కింది నుంచి టంగుటంగున కొట్టిన,” అన్నాడు ఆమోసు. “ముప్పై ఆరేండ్లు బొగ్గుబాయిల చేసినోన్ని. కప్పు కింద నిలవడేముందు కట్టెతోటి కొట్టి చూస్తమా లేదా? గట్టిగున్నకాడ ఒక చప్పుడు, గుల్లగున్నకాడ ఒక చప్పుడు. అవునా కాదా పోశం?”

పోశం అప్పుడే ఫస్టు షిఫ్టు దిగి వచ్చాడు. “కొట్టకుండ అడుగు వెయ్యం అన్నా,” అన్నాడు.

“ఆఁ. కొట్టంగనే పగులు యాడున్నదో స్లాబే చెప్పింది. పక్కింటి పగులు గూడ వినవడ్డది. ఇంకింత గట్టిగ కొట్టి చెవి పెట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద బాయిల ఫస్టు షిఫ్టోళ్లు టిఫిన్ డబ్బాలు తెరిచిన చప్పుడు. అండ్ల ఏం కూరలున్నయో గూడ చెప్తుంటి, వాళ్ల ఇజ్జత్ ఎందుకు తియ్యాలె అని ఊకున్న.”

“ఊకున్నది మంచిదైంది,” అన్నాడు పోశం. “నా డబ్బల ఉండేది ఉత్త మామిడికాయ తొక్కే.”

“అసలు కథ విను. పోయిన వారం గాలివానకు పైన నీళ్లు పొయ్యే పైపుల ఆకులు ఇరికినయి, స్లాబు మీద నీళ్లు మడుగు కట్టినయి. ఇంకోడైతే నిచ్చెన పెట్టి ఎక్కి ఆకులు తీస్తడు. మనకేం కర్మ? బాయిల కప్పు మీద నీళ్లు నిలిస్తే ఏం చేస్తం?”

“కింది నుంచి కప్పుకు బోరు కొట్టి నీళ్లు వదిలిపెడ్తం.”

“ఒకటే బోరు కొట్టిన. జర్రున దిగిపాయె.”

బెంచీ మీదివాళ్లంతా తలలు ఊపారు. అందరూ బాయి మనుషులే. పైన చేరిన నీటిని అట్లా వదిలిపెట్టకపోతే కింద ప్రాణాలు పోతాయి. ఆ భయం వాళ్ల ఒంట్లో ఉంది కాబట్టి ఆమోసు చేసినదాంట్లో వాళ్లకు తప్పేమీ కనబడలేదు. రాజకుమారి ఎన్నడూ బాయి దిగలేదు. ఆమెకు తెలిసింది ఇల్లు ఊడ్చుకోవడం.

“ఆ నీళ్లు యాడికి పోయినయి కాక?”

“సంపు గుంతలకు,” అన్నాడు పోశం బాయి అలవాటు కొద్దీ. “ఆడికెల్లి పంపు పెట్టి తోడ్తరు.”

“నడింట్ల సంపు యాడుంటది?”

పోశం గ్లాసు చాచి ఇంకో చాయ్ పొయ్యమన్నాడు.

“నీళ్లు పోయినయా లేదా, అది చూడు బిడ్డ,” అన్నాడు ఆమోసు. “బొక్కకు మందు పెట్టిన గద. సిమెంటు, బెల్లం, కరక్కాయ, ఎనిమిది నాటుకోడి గుడ్లు. అది గట్టిపడ్డంక ఏమైందో తెలుసా? ఓపెన్‌కాస్టు బాయిల బ్లాస్టింగ్ అయితే కాలనీల ఇండ్లన్ని ఊగుతయి. మా ఇంట్ల గ్లాసుల చాయ్ కదల్లే. అదురు మా గోడదాక వచ్చి, సిగ్గుపడి మళ్లిపోయింది. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ లారీలోళ్లు బండ్లు ఆపి మరీ అడిగిన్రు, ఇది ఏం సిమెంటు అని. చెప్తనా?”

“మరి వానకు ఆగిందా?”

“ఆగుడేంది? మొన్న చినుకు పడంగనే రబ్బరు బంతి లెక్క ఎగిరి మొగులుకే పోయింది. కురిసిన మొగులు మల్ల నిండింది. మోయలేక పోయి పోయి కొత్తగూడెంల గుమ్మరించింది. ఆడికెల్లి మా షడ్డకుడు ఫోన్ చేసిండు, అన్నా, నీ వాన నువ్వే ఉంచుకో, మేం మునుగుతున్నం అని.”

అందరూ నవ్వారు. ఆమోసు మీసం సవరించుకున్నాడు. “రేపు ఎనిమిదింటికి డ్రిల్లు పట్టుకొని వస్త బిడ్డ. మీ ఇంట్ల గూడ ఒకటే బోరు. ఫికర్ పెట్టుకోకు.”

రాజకుమారి మబ్బును చూసింది. నల్లగా దిగి ఉంది. తుంటి విరిగిన అత్తను మంచంతో సహా ఇంకో మూలకు జరపాల్సిన సంగతి గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది. సరే కాక అనబోయింది. అంతలో బండి రేకు మీద చినుకులు మొదలయ్యాయి. ఆమోసు భార్య సుగుణమణి వచ్చింది. నెత్తిన ప్లాస్టిక్ కవరు చుట్టిన పరుపు, చంకలో బైబిలు. మొగుడి వైపు చూడనైనా చూడలేదు.

“బిడ్డా, మీ ఇంట్ల సారవ్వ పక్కన ఇంత జాగుంటదా? ఈ రాత్రికి పండుకుంట.”

“మా ఇల్లు కురుస్తది గద చిన్నమ్మ.”

“మీది మూలకు కురుస్తది. మాది నడింట్ల. గంగాళం పెట్టి వచ్చిన, ఈపాటికి నిండుంటది.”

“ఆ మందు ఇంక పచ్చిగున్నది...” అన్నాడు ఆమోసు.

“మందు నిన్ననే ఊడిపడ్డది. కోళ్లు తిన్నయి.”

పోశానికి పొరబోయింది. మిగతావాళ్లు నవ్వు ఆపుకోలేక చాయ్ గ్లాసులు పక్కన పెట్టారు. రాజకుమారికి మాత్రం నవ్వు రాలేదు. ఇంకొక్క క్షణమయితే ఆ బోరుకు సరే అనేసేది. ఆ కోపమంతా మింగి, సుగుణమణి చేతికి గొడుగిచ్చి ఆమోసు వైపు తిరిగింది.

“కాక, మా ఇంట్ల కురిసేది ఒక్క మూలనే. మూడు మూలలు మంచిగున్నయి. ఒకటి మా అత్తకు, ఒకటి చిన్నమ్మకు. ఇంకోటి నువ్వు పండుకో. డ్రిల్లు మాత్రం బయట పెట్టి రా.”