ఛైర్‌లేడీ గారి ఇంగ్లండు పువ్వు

హలో… ఆ, నేనేనండీ, గథోనిని… చెప్పండి ఛైర్‌లేడీ గారూ.

ఎవరూ, మా పక్కింటి వైథెరా చెప్పిందా?… మీ పూలమొక్కల్ని మా మేక మేసేసిందనా?… అబద్ధం! మేకని కట్టేసే ఉంచాం. ఆవిడ కంచె మీంచి సగం చూస్తుంది, మిగతా సగం కల్పిస్తుంది.

ఉన్నాయండీ, మొక్కలున్నాయి… ఉన్నాయంటే… కాడలున్నాయి.

అరవకండి, చెప్తున్నాగా.

తెలుసండీ, ఆదివారం బిషప్ గారొచ్చేసరికి చర్చిలో ఆ పూలు ఎర్రటి తోకల్లా వేలాడాలి… తెలుసు, మీ చెల్లెలు ఇంగ్లండు నుంచి పంపిన విత్తనాలని. ఊపిరి వదిలితే ఎగిరిపోయేంత సన్నం. మట్టి జల్లెడ పట్టి, చీపురు తడిపి విదిలిస్తూ నీళ్ళు పెట్టాను, ఎండ తగలకుండా పందిరేశాను. నా పిల్లలకైనా అంత పందిరి వెయ్యలేదు… ఆ, బాగానే మొలిచాయి. అక్కడే నాకు అనుమానమొచ్చింది.

ఏం అనుమానమా? పక్క మడిలో ధనియాలు నలిపి, నానబెట్టి చల్లినా కొత్తిమీర ఇంకా రావాలా వద్దా అని ఆలోచిస్తోంది. మీ ఇంగ్లండు దొరసానేమో చల్లీ చల్లకముందే తల ఎత్తింది. ఆకు చూస్తే ఎక్కడో చూసినట్టుంది… చెప్పాను కదండీ! 'లండన్ గాలి పీల్చిన జాతి, నీకేం తెలుసు' అన్నారు. ముట్టుకోరాదని బోర్డు కూడా మీరే రాసి పాతారు, ఇంగ్లీషులో.

మా అత్తకి ఇంగ్లీషు రాదండీ.

నిన్న పొద్దున నేను లిమురు సంతకెళ్ళాను. ఆవిడ కూతురింటి నుంచి వచ్చి పెరట్లోకి దిగింది… ఆ… చివుళ్ళన్నీ గిల్లేసింది. పువ్వొచ్చేది ఆ చివుళ్ళకేగా, ఏం చేస్తాం.

సాయంత్రం అడిగితే ఏమందనుకున్నారు? 'దిబ్బ మీద దానంతటది మొలిచే తోటకూరకి పందిరేమిటే, పెళ్ళికూతురా?' అంది… తోటకూరేనండీ. అందులోనే ఇంకో రకం… పొట్లం మీద బొమ్మ ఉంటే కూర కాకుండా పోతుందా?

ఏం చేసిందా? వండింది. ఉల్లిపాయ, టమాటా, చివర్లో ఇంత మీగడ… రుచి మీకు తెలిసిందేగా.

ఎలా తెలుసంటే… నిన్న మధ్యాహ్నం మొక్కలు చూస్తానని వచ్చారు కదా. వాన పట్టుకుంది. బూట్లు పాడవుతాయని పెరట్లోకి దిగలేదు. మా వంటింట్లో కూర్చుని మొక్కజొన్న పిండి ఉగాలి ముద్దలోకి మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారు… పాస్టర్ గారికని గిన్నెలో పెట్టించుకెళ్ళారు కూడా.

హలో?… ఉన్నారా?

నాకప్పటికి తెలీదండీ! వాన వెలిశాక కదా నేను పెరట్లోకెళ్ళి చూసింది… మేక తిన్నదనే చెబుదామంటారా? పాపం, అది ఒక్క ఆకు ముట్టలేదు.

అదొక్కటీ అనకండి, ఛైర్‌లేడీ గారూ! చర్చి నారుమడి పని నాకేనని మన చర్చి ఆడవాళ్ళ సంఘంలో అందరి ముందూ మాటిచ్చారు. ఇప్పుడు తీసుకెళ్ళి వైథెరా చేతిలో పెడతారా? ఆ మడి మీద ఆశతోనేగా మీ దొరసానికి రోజూ చీపురుతో స్నానం చేయించింది!… తప్పు నాదా? విత్తనం మొలవలేదా? మొలిచింది. పెరగలేదా? పెరిగింది. నచ్చలేదా?… అందరికంటే మీకే ఎక్కువ నచ్చింది.

ఏడవకండి… బిషప్ గారి ముందు ఏం పెట్టాలంటే నేనేం చెప్పను… అత్తనా? ఇక్కడే ఉంది, మిగిలిన ఆకు ఒలుస్తోంది… అడగమంటారా? వద్దేమోనండీ, ఆవిడ నోరు మీకు తెలీదు… సరే, ఉండండి.

అత్తా! ఆదివారం బిషప్ గారి ముందు ఏం పెట్టాలీ అని అడుగుతున్నారు ఛైర్‌లేడీ గారు…

ఆ… విన్నారా?… వినబళ్ళేదా?

పళ్ళెం పెట్టమంటోంది. కూర తను తెస్తుందట.