పీరాంబీ రాసిన టీకాల పుస్తకం

మాచర్ల రైలుస్టేషన్ వెనక పీరాంబీ కుందేళ్లు పెంచి అమ్మేది. ఒక ఆదివారం గురజాల నుంచి కృపామణి టీచరు కూతురి కోసం కుందేలు కొనడానికి వచ్చింది.

"టీకాలు వేయించావా పీరాంబీ? పోయినసారి వేరేచోట అడక్కుండా కొన్నాం. పది రోజులకే చచ్చిపోయింది. పిల్ల వారం పాటు అన్నం సరిగా తినలా."

"అడగటమే మంచిది టీచరమ్మా. ఇదిగో పుస్తకం. ప్రతిదానికీ తారీఖుంది, పశువుల డాక్టరు సంతకముంది."

"ముందు పేజీల్లో రాత గుండ్రంగా ఉందే, ఎవరిది?"

"మా ఆయనది. మూడేళ్ల కింద, ఎనభై రెండులో కువైట్ పోయిందాకా ఆయనే రాశాడు."

"తర్వాతది?"

"నాది. అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు. ఆయనొచ్చి పుస్తకం ఏదని అడిగితే చూపియ్యాలని, పక్కింటామె దగ్గర నేర్చుకున్నా."

"ఈ తెల్లదానికి పోయిన నెలే వేయించావు. దీన్ని తీసుకెళ్తా. ఈ పేజీ చింపియ్యి, మా ఊరి డాక్టరుకు చూపిస్తా."

"చింపనండీ, ఏమనుకోబాకండి. వెనకవైపు దీని తల్లి వివరం ఆయన చేత్తో రాసుంది. వేరే కాగితం మీద ఎత్తి రాసిస్తా, కూర్చోండి."

"ఎప్పుడొస్తాడంట?"

"ఉత్తరమొచ్చి ఏడాదిన్నరయింది."

"ఇంత చక్కగా రాస్తున్నావు గదా, నువ్వే ఒకటి రాయరాదూ?"

"రాశా టీచరమ్మా, నాలుగు పేజీలు. ఆ అడ్రసులో లేడని తిరిగొచ్చింది. కొత్త అడ్రసు తెలిస్తే మళ్లీ వేస్తా. చానా రాశాను గానీ, అదంతా నేనే రాశానంటే ఆయన నమ్మడు."