తల లేని చెట్టు స్టాంపు

రూల్సు రూల్సు అనొద్దు తల్లీ, ఆ ముద్ర పక్కన పెట్టు ముందు. ఒక్క నిమిషం! నువ్వు టక్కుమని కొట్టేస్తే ఆ తర్వాత నేనేం చేసేది?

అదో, ఆ కుప్పలో ఉండాది చూడు, తెల్ల కవరు. నిన్న సాయంత్రం మీ పోస్టాఫీసు వాకిట్లో ఎర్ర డబ్బాలో నేనే వేసినాను. నా పేరు హనుమక్క. ఛాంపియన్ రీఫ్‌లో బంగారు గనోళ్ళ లైన్ ఇండ్లలో ఉంటాం. మా ఇంటాయన నంజుండప్ప తెలుసు కదా? తెలీకుండా ఎట్లుంటాది! కొత్త స్టాంపు వచ్చినప్పుడంతా నీ కిటికీ ముందర నిలబడి, మూల నలిగింది, ఇంగొకటియ్యి అని ప్రాణం తీస్తాడే, ఆయప్పే.

ఆ, నవ్వినావు. తెలిసింది.

ఆ కవరు మీది స్టాంపు ఈ కాలంది కాదమ్మా. పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిదిది. మన దేశంలో విమానం జాబులకని అచ్చేసిన మొదటి స్టాంపుల్లో ఒకటి. రాజు తల, విమానం, కింద చెట్లు. నాకెట్ల తెలుసా? నిద్రలో లేపి అడుగు, చెప్తాను.

అప్పుడీడ గనిలో ఒక దొర ఇంజినీరు ఉండినాడంట. లండన్లో వాళ్ళమ్మకు జాబులు రాసేవాడంట. కరాచీ దాకా రైలు, ఆడ నుంచి విమానం. మా మామ ఆ దొర బంగళాలో వంటమనిషి. దొర ఊరికి పోతా పోతా, మిగిలిన స్టాంపులూ వాళ్ళమ్మ రాసిన జాబులూ బిస్కెట్ డబ్బాలో పెట్టి మా మామకిచ్చి పోయినాడు. అదీ మా ఇంటి ఆస్తి.

పెళ్ళయిన మూడో దినం మా ఇంటాయన ఆ డబ్బా తెరిచి చూపించినాడు. నేను పుస్తెలగొలుసేమో అనుకొని చెయ్యి పెట్టబోయినాను. "ముట్టొద్దు!" అని ఒకటే కేక. యాభై ఏండ్లయింది. ఇంగా ముట్టనీలేదు.

ఆ జాబులన్నీ భూతద్దం పెట్టుకొని చదివినాడమ్మా. ఆ దొరసానికి ఎడమపక్క పన్ను నొప్పి అని ఈయనకు తెలుసు. నాకు ఏ మోకాలు నొప్పో అడుగు, తెలీదు.

ఈ స్టాంపు ఇంగా గొప్పదంట. అచ్చు తప్పి, ఒక చెట్టుకు తల పడలేదంట. చెట్టుకు తల లేదని మురిసిపోతాడు. వంటింటికి తల లేదయ్యా అంటే చెవిలో వేసుకోడు! రేకు తుప్పు పట్టి ఒక మూల లేచిపోయింది. మూడు వానాకాలాలు చూసినాను. గనిలో మనుషుల్ని దించే ఇంజను తోలినోడు, ఒక రేకు మార్చలేడా? రేపు, రేపు.

మొన్న వాన పడింది కదా, ఆ పొద్దు చూడాల. నేను పొయ్యి దగ్గర నెత్తిన తువ్వాలేసుకొని సంగటి కెలకతా ఉండాను. ఈయన గొడుగెత్తుకొని పరిగెత్తుకొచ్చినాడు. అబ్బా, ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందే అనుకున్నాను. నన్ను దాటుకొని పోయి, బీరువా మీద పట్టినాడమ్మా గొడుగు! స్టాంపులకు తేమ తగులతాదంట.

చెప్పు, నువ్వయితే ఏం చేస్తావు?

రేకు మార్చమని జాబు రాసినాను. నోటితో చెప్తే వినడు కదా. స్టాంపుండే జాబయితే భూతద్దం పెట్టుకొని చదువుతాడు. క్యాసంబళ్ళిలో అయిదో తరగతి దాకా చదివినాను, రాయలేనా? చిరునామా కరెంటు బిల్లు చూసి రాసినాను.

అవును. పోయేది మా ఇంటికే. పంపింది కూడా మా ఇంటి నుంచే. నవ్వద్దు తల్లీ, నా పాట్లు నావి.

ఏదో ఒక స్టాంపు కొని అంటించొచ్చు కదా అంటావు. అంటించొచ్చు. కానీ చేతికి అదే తగిలింది. తగిలిందంటే... ఆల్బంలో మూడో పేజీలో, మధ్యలో ఉండింది. సరే, వెతికి తీసినాను. చిన్న పటకారుతోనే తీసినాను, చేత్తో ముట్టలేదు. జిగురు ఎండిపోయింటే అన్నం మెతుకు రుద్ది అంటించినాను. ఎందుకట్ల కళ్ళు పెద్దవి చేస్తావు? బాగా అంటుకునింది.

అంతటితో ఉండింటే నేనీడికి వచ్చేదాన్నే కాదు. పొద్దున శ్రీనివాసమూర్తి వచ్చినాడు. ఇద్దరూ ముప్పై ఏండ్లుగా స్టాంపుల జత. శనివారమొస్తే ఆల్బం ముందరేసుకొని కూర్చుంటారు. మూడో పేజీ తిప్పినారు. ఖాళీ!

మా ఇంటాయన రొమ్ము పట్టుకున్నాడు. ఇది బయట చెప్పొద్దమ్మా. నాకు ఒక్క నిమిషం సంతోషమయింది. నా వంటింట్లోకి వాన వచ్చినప్పుడు ఈ మనిషి రొమ్ము పట్టుకోలేదు కదా అని.

కానీ మర్నిమిషం ఏమన్నాడో తెలుసా? "మూర్తీ, పోయిన వారం దీన్ని చూపించమని అడిగింది నువ్వే కదా" అన్నాడు. అంతే. మూర్తప్ప అరిచింటే బాగుండు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆ గులకరాళ్ళలో నడిచి పోయినాడు. డెబ్భై రెండేండ్ల మనిషి. చెప్పులు మా వాకిట్లోనే ఉండాయి.

తీసింది నేనని అప్పుడే చెప్పాల్సింది తల్లీ. మాటమాటకూ నోరు చేసుకునే దాన్ని, అప్పుడు మాత్రం ఆ చెప్పులు ఒక పక్కకు సర్ది పెట్టినాను.

అందుకే పరిగెత్తుకొచ్చినాను. ముద్ర పడకముందే తీసుకొనిపోయి, సుమ్నె, చప్పుడు చేయకుండా, ఆల్బం పేజీల మధ్య దూర్చేద్దామని. జారి యాడో ఇరుక్కునిందిలే అంటే నమ్ముతాడు.

ఏం, అర్జీ రాయాలా? నా జాబు నాకియ్యడానికి ఇంగొక జాబు రాయాలా? సరే, ఊడతాదేమో గోటితో చూడు ముందు. మెల్లగా... ఆ! ఆపు ఆపు! రాజు గడ్డం చినుగుతా ఉండాది!

అన్నం మెతుకు పట్టింది. మా కోలారు సోనా బియ్యం, వదలతాదా?

ఏమంటావు? ఇది ఇప్పుడు చెల్లదా? ఆ రాజూ లేడు, ఆ అణాలూ లేవు, నిజమే. చెల్లకపోతే ఏమవుతాది? తీసుకునేవాళ్ళ దగ్గర వసూలు చేస్తారా? రెండింతలా?

అట్లనా.

అయితే పోనీ తల్లీ. కొట్టు ముద్ర. నేనే చెప్తా ఉండాను కదా, కొట్టు! ఊడి రాదు, దాగదు, ఇంగ ఎవరికోసం దాచేది? పోస్టుమ్యాన్ పోయి ఆయన చేతికే ఇయ్యనీ. డబ్బు ఆయనే కట్టనీ. భూతద్దం పెట్టుకొని చదవనీ.

కొట్టినావా? రాజు మీద పడిందా, చెట్టు మీదనా? ...విమానం మీదనా. మంచిది.

నేనింగ మూర్తప్ప ఇంటికి పోతాను. భయమా, నాకా? ఇంట్లో ఆయన వారం దినాలు అన్నం తినకపోయినా నాకు వండే పని తగ్గతాది, అంతే.

భయం దానికి కాదమ్మా. ఆ మూర్తప్ప ముందర నిలబడి "తప్పు నాదే" అనాల. యాభై ఏండ్ల కాపురంలో ఆ మాట ఒక్కసారీ అనలేదు నేను. ఎట్ల మొదలుపెట్టేదో కూడా తెలీదు.