ఉప్మా పాక వెనక పిల్లలు

డెబ్భై నాలుగులో తిరువూరులోని ఒక బడికి పిల్లల కథలు రాసే ఒకావిడ వచ్చి, తన పుస్తకాలు చదివి వినిపించింది. సభ అయిపోగానే హెడ్మాస్టరు గదిలోకి విసురుగా వచ్చింది.

“ఉప్మా వండే పాక వెనక కూర్చున్న ఆ పిల్లలెవరండీ?”

“మూడో తరగతి వాళ్లేనమ్మా. చదవడం రాని మొద్దులు. మీ ముందు తడబడితే బడి పరువు పోతుందని అటు పంపాను.”

“చదవడం వచ్చినవాళ్లకి నేనెందుకండీ? రానివాళ్ల కోసమేగా విజయవాడ నుంచి పుస్తకాలు మోసుకొచ్చింది!”

“కోప్పడకండి. మీ పుస్తకాలు బీరువాలో భద్రంగా పెట్టి తాళం వేయించాను. మాసిపోతే మళ్లీ ఎవరిస్తారు?”

“మాసిపోనివ్వండి! చిరిగిపోనివ్వండి! షాజాదీ అనే పిల్ల పాక దగ్గర్నుంచి వచ్చి, కిటికీ కింద నక్కి కథ చాలావరకు విందట. నక్క బావిలోంచి ఎలా బయటపడిందో వినపడలేదని నా కొంగు పట్టుకుని అడిగింది. ఆ పిల్లనా మొద్దంటున్నారు?”

“వినడం వేరు, చదవడం వేరు కదమ్మా.”

“వినాలని అంత ఆశ ఉన్న పిల్లకి చదువు రాకపోతే తప్పెవరిది? పంతులుగారై ఉండి ఆ మాట మీరే చెప్పండి.”

ఆయన బల్ల సొరుగు లాగి తాళంచెవి తీశాడు.

“సరేనమ్మా. ఇదిగో తాళంచెవి. వాళ్లని లోపలికి పిలిపిస్తాను.”

“పిలిపించడం కాదు, మీరే వెళ్లి పిలవండి. ఒక్కొక్కళ్లనీ పేరుపెట్టి పిలవండి.”

“షాజాదీ... ఇంకా...”

“ఊఁ, ఇంకా?”

“పేర్లు తెలీవమ్మా.”

“ఏడాదంతా మీ బళ్లోనే ఉన్నారండీ! పదండి, వెళ్లి అడుగుదాం.”