గోపన్‌పల్లి పేజీలో నేను చేసిన మార్పు

ఈ సాయంత్రం సభ భారమంతా మోస్తున్న ఆచార్య రత్నమాలగారికి, నాకంటే ముందే పదవీ విరమణ చేసి హాయిగా ఎలా ఉండవచ్చో చూపిస్తున్న సీతారామయ్యగారికి, మాదాపూర్ ట్రాఫిక్‌ను ఈదుకుంటూ వచ్చిన మిత్రులకు నమస్కారం.

నాలుగేళ్లుగా మీకు వికీ, ఫేస్‌బుక్ నేర్పానని వక్తలంతా పొగిడారు. నేర్పానో, వేధించానో మీకే తెలియాలి. మొదటి తరగతి అయ్యాక ఒక ఆచార్యులవారు వికీలో అక్షరదోషం దిద్దడానికి అనుమతి కోరుతూ నాకు దరఖాస్తు పంపారు. (నవ్వులు) పేరు చెప్పనులెండి, మూడో వరుసలో ముందుగా నవ్వింది ఆయనే.

"ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, కాని ఆధారం చూపించాలి" అని బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఆ నియమం పట్టుకుని నేను చేసిన ఒక పని గురించి చెప్పకుండా ఈ శాలువాతో ఇంటికి వెళ్లలేను.

మన గ్రంథాలయ వికీలో, క్యాంపస్ పక్క ఊరు గోపన్‌పల్లి పేజీ మొదలుపెట్టింది నేనే. "క్యాంపస్ రాకముందు ఇక్కడ రాళ్లగుట్టలు తప్ప మరేమీ లేదు" అని రాశాను. కౌంటర్‌లో మీకు పుస్తకాలిచ్చే, మీతోపాటు నా తరగతికీ వచ్చే లింగమూర్తిగారిది ఆ ఊరే. ఆయన నా వాక్యం తీసేసి, "మా అమ్మ నర్సమ్మ ఇక్కడ జొన్నచేలు కోసింది" అని రాశారు. ఆధారం లేదని నేను దాన్ని తీసేసి నాది పెట్టాను. ఆయన మళ్లీ రాశారు, నేను మళ్లీ తీసేశాను. మూడు రోజుల్లో మూడుసార్లండి.

ఇది పోయిన నెల, సకల జనుల సమ్మె రోజుల్లో. క్యాంటీన్‌లో కోస్తావాళ్లం ఒక బల్ల, తెలంగాణ మిత్రులు ఇంకో బల్ల. నాలుగోరోజు లింగమూర్తిగారు మన క్యాంపస్ వార్షికోత్సవానికి వేసిన ఒక పాత సావనీరు సంచిక తెచ్చి నా ముందు పెట్టారు. నా వాక్యానికి నేను చూపిన ఆధారం అదే.

"గీ వ్యాసం రాసిందెవరు సార్?" అన్నారు.

నేనే. కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో, బస్సు కిటికీలోంచి చూసి రాసింది.

"మీరు రాస్తే ఆధారం, మా అమ్మ చెప్తే కాదా? మీ వోళ్లు మా మాట ఉండనియ్యరని మా వోళ్లంటే, మా సారు గట్ల కాదని నేను కొట్లాడిన" అన్నారు. మళ్లీ నా తరగతికి రాలేదు.



సిగ్గేసింది. అయినా నెల రోజులు నియమం చాటున దాక్కున్నాను. పోయిన ఆదివారం వాళ్లింటికి వెళ్తే నర్సమ్మగారు చాయ్ ఇచ్చి, ఏ చెలక ఎవరిదో, ఏ బావి ఎప్పుడు పూడ్చారో రెండు గంటలు చెప్పారు. "ఇన్నేండ్లు ఎవ్వలడగలే బిడ్డా" అన్నారు. ఆమె ఒప్పుకుంటే రికార్డు చేసి గ్రంథాలయంలో చేర్పించాను.

ఈ పొద్దున ఆ పేజీ తెరిచి ఆమె వాక్యం పెట్టి, నాది తీసేశాను. మార్పుకు కారణం ఏమిటని వికీ అడుగుతుంది కదండీ, "రాసినవాడు ఊరివాళ్లను అడగలేదు" అని రాసి, నా పూర్తి పేరు పెట్టాను.

ఇంత ఆదరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. లింగమూర్తిగారూ, గుమ్మం దగ్గర నిలబడి వింటున్నారుగా, తప్పు నాదండి. ఈ మాట మీతో విడిగా చెప్పి ఊరుకోవచ్చు. కాని మీ అమ్మగారి మాట తీసేసింది నలుగురూ చూసేచోట, అందుకే నలుగురిలో చెబుతున్నాను.

ఇక సెలవు.